మన బిడ్డలకు ఇయ్యవలసిన కాల్‌షీట్లు
(ఫిలింనగర్ ప్రాంత తల్లిదండ్రుల కూడికలో చేసిన ప్రసంగము)



రాబోవు నూరేండ్ల సంఘము ఎక్కడ ఉన్నదని ఎవరైన అడిగినచో నేను మన పిల్లలవైపు చూపుదును. ఏప్రిల్ చివరి వారములో బడులు మూయబడి, జూన్ రెండవ వారములో మరల తెరువబడుచున్నవి. సుమారు ఏడు వారములు. ఈ ఏడు వారములు మన పిల్లలు మన యొద్ద గడుపుదురా, లేక ఫోను తెర యెదుట గడుపుదురా? నేడు మీతో మాటలాడదలచిన సంగతి ఇదే.

తెరను గూర్చి జూబిలీ హిల్స్‌లో, ఫిలింనగర్‌లో మాటలాడుట తేలిక కాదు. తెలుగు చిత్రపరిశ్రమ మద్రాసు నుండి క్రమక్రమముగా ఇచ్చటికి తరలివచ్చినది. 1976లో అన్నపూర్ణ స్టూడియో ప్రారంభమైన తరువాత ఈ రాతిగుట్టల రూపమే మారిపోయినది. ఈ ప్రాంతములో లైట్లు మోయువారు, మేకప్ చేయువారు, డబ్బింగు చెప్పువారు, కార్లు నడుపువారు, కృష్ణానగర్ నుండి పనికి వచ్చు జూనియర్ ఆర్టిస్టులు ఎందరో గలరు. తెర వారి యింట అన్నము వండించుచున్నది. కావున తెర పాపమని ప్రసంగించి, పిల్లలు తమ తండ్రి పనిని గూర్చి సిగ్గుపడునట్లు నేను చేయను. 1978లో విడుదలైన 'కరుణామయుడు' చిత్రమును ఊరూర తెరలు కట్టి చూపిన సంగతి మన పెద్దలు ఎరుగుదురు. తెర పనిముట్టే. అయితే పనిముట్టు బిడ్డకు దాదిగా మారరాదు.

పన్నెండేండ్ల యేసు దేవాలయములో బోధకుల మధ్య కూర్చుండి, వారి మాటలు ఆలకించుచు ప్రశ్నలు అడిగెనని లూకా సువార్త రెండవ అధ్యాయములో చదువుచున్నాము. ఆ బాలుని ప్రశ్నలు వినుటకు అక్కడ పెద్దలు కూర్చొనియుండిరి. మన బిడ్డల ప్రశ్నలు వినుటకు మన యింట ఎవరు కూర్చొనియున్నారు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో, రెండు మొదలు నాలుగేండ్ల పిల్లలు దినమునకు ఒక గంటకంటె ఎక్కువ తెర యెదుట కూర్చొనరాదని సలహా ఇచ్చినది. గంటలు తగ్గించుట సగము పని. ఖాళీ అయిన ఆ చోట మనము కూర్చొనుట మిగిలిన సగము.

మనకు వి.బి.యస్. ఉన్నది గదా అని మీరందురు. అది వారము, పది దినములలో ముగియును. మిగిలిన దినముల మాటేమి? ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయము బిడ్డలకు బోధించుటకు నాలుగు వేళలు చూపుచున్నది. వాటినే మన ప్రణాళికగా పెట్టుకొందము.

మొదటిది, లేచు వేళ. వారమునకు ఒక కీర్తన కంఠస్థము చేయించండి. 1, 8, 23, 46, 100, 121, 150, ఈ ఏడు కీర్తనలు ఏడు వారములకు సరిపోవును. రాత్రి షూటింగు ముగించుకొని తెల్లవారుజామున ఇల్లు చేరు తండ్రి, నిద్రకు ముందు పది నిమిషములు బిడ్డతో కూర్చున్న చాలును. చదువురాని మన పూర్వికులు ప్రభువు ప్రార్థనను, పది ఆజ్ఞలను విని విని నేర్చుకొనిరి. పేజీలకొలది డైలాగులు వల్లించు ఈ పేటలో ఇది అసాధ్యమని ఎవరందురు?

రెండవది, ఇంట కూర్చున్న వేళ. ఇంగ్లీషు మీడియములో చదువు మన పిల్లలలో అనేకులు తెలుగు బైబిలు తడబడుచు చదువుచున్నారు. మార్కు సువార్తలో 16 అధ్యాయములు. వారమునకు మూడు చొప్పున బిగ్గరగా చదివించినచో ఆరు వారములలో ముగియును. పెద్ద పిల్లలకు, 1964లో సాహిత్య అకాడమీ బహుమతి పొందిన జాషువ కవిగారి 'క్రీస్తు చరిత్ర' చూపించండి.

మూడవది, త్రోవ నడుచు వేళ. ఎండ ముదరకముందే కె.బి.ఆర్. పార్కుకు నడిపించుకొని పోయి నెమళ్లను చూపండి. సృష్టికర్తను గూర్చి అక్కడ మాటలాడండి. తిరిగి వచ్చునప్పుడు మంచము పట్టిన ఒక సంఘస్థుని పలుకరించి రండి.

నాలుగవది, పండుకొను వేళ. ఫోనులన్నియు ఒక బుట్టలో వేయండి, మొదట మీది, తరువాత బిడ్డది. పురుషోత్తమ చౌదరిగారు 1890లో ప్రభువునందు నిద్రించిరి. వారి కీర్తనలు నేటికిని పాడుకొనుచున్నాము. అమ్మమ్మకు వచ్చిన రాగములో ఒక కీర్తన మనుమరాలికి నేర్పించండి.

ఇక ఒక కష్టమైన మాట. బంగళాలలో వంటపనికి, ఇంటిపనికి పోవు తల్లి, బస్తీలోని ఒంటిగదిలో బిడ్డను ఉంచి ఫోను చేతికిచ్చి పోవుచున్నది. బిడ్డ రోడ్డుమీదికి పోకుండుటకు ఆమెకు తోచిన ఉపాయము అదొక్కటే. ఆ తల్లిని నిందించుటకు ముందు మన చర్చి హాలు తాళము తీయుదము. 1898లో న్యూయార్కు నగరములో హాస్ అమ్మగారు వీధిలో తిరుగు పిల్లలకొరకు బీరు అమ్ము హాలును అద్దెకు తీసికొని వేసవి బైబిలు బడి నడిపిరి. మనకు అద్దె అవసరము లేదు. ఈ ఏడు వారములు ఉదయము తొమ్మిది మొదలు ఒంటిగంట వరకు హాలు తెరచియుంచి, రిటైరైన టీచర్లు, యౌవనస్థులు వంతులవారీగా కూర్చుందురు గాక. స్త్రీల మైత్రి మజ్జిగ, భోజనము చూచుకొనును గాక. బంగళా బిడ్డయు బస్తీ బిడ్డయు ఒకే చాపమీద కూర్చుందురు గాక.

కాల్‌షీటు ఇచ్చినచో జ్వరమైనను, వానయైనను పోవలసినదేనని మీకు తెలియును. ఆ నమ్మకముతోనే పని జరుగుచున్నది. బిడ్డకు మీరిచ్చిన కాల్‌షీటు ఎన్ని మారులు రద్దయినది? ఈ వేసవిలో దినమునకు ఒక గంట, 49 దినములు వ్రాసి గోడకు అంటించండి. జూన్‌లో బిడ్డ మరల ఫోను అడుగవచ్చును, నిరాశపడకండి. ఈలోగా వాడు మీ ప్రార్థన స్వరమును గుర్తుపట్టుట నేర్చియుండును. లోయి, యునీకే తిమోతికి ఇచ్చిన ఆస్తి ఆ విశ్వాసమే గదా!

అట్టి కృపను ప్రభువు మన కుటుంబములకు అనుగ్రహించును గాక. ఆమేన్.