చేతులు కడుక్కోమంటే కోపమెందుకు?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్లం. మా తెలుగులో తప్పులుంటే మన్నించండి. అంటురోగాలను ఆపడం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. మేము డాక్టర్లం కాము. కనుక మా తప్పుతోనే మొదలుపెడతాము.

కొన్నేళ్ల కిందట మా చెల్లెలి కూతురు ప్రసవించింది. అదే ఆస్పత్రిలో మా పొరుగాయన వాంతులు, విరేచనాలతో మంచం పట్టివున్నాడు. ముందు ఆయన పక్కనే కూర్చుని, చెయ్యి పట్టుకుని ధైర్యం చెప్పాము. అక్కణ్నుంచి నేరుగా వెళ్లి పసిబిడ్డను ఎత్తుకోబోయాము. నర్సమ్మ అడ్డం వచ్చి, “సార్, ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి” అన్నది. బంధువులందరి ముందు ఆ మాట అనేసరికి మాకు తల కొట్టేసినట్టయింది. “పిల్లలకు బుద్ధులు చెప్పేవాళ్లం, మాకా శుభ్రం నేర్పేది?” అని విసురుగా బయటికి వచ్చేశాము. ఆ నర్సమ్మ మేలే చేసిందని మాకు తర్వాత తెలిసివచ్చింది.

ఈ కోపం మా ఒక్కరిదే కాదు. 1847లో వియన్నా నగరంలోని పెద్దాస్పత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు ఉండేవాడు. అక్కడ రెండు ప్రసూతి విభాగాలు. మంత్రసానులు చూసేచోట బాలింతలు తక్కువగా చనిపోయేవారు. డాక్టర్లు, వైద్య విద్యార్థులు చూసేచోట ఎక్కువగా చనిపోయేవారు. కారణం ఎవరికీ అంతుబట్టలేదు. ఇంతలో ఆయన మిత్రుడైన ఒక డాక్టరుకు శవపరీక్షలో కత్తి గాటు పడి, బాలింతల జ్వరంలాంటి జబ్బుతోనే ప్రాణం పోయింది. దానితో గుట్టు తెలిసింది. శవాలను కోసిన చేతులతోనే డాక్టర్లు పురుళ్లు పోస్తున్నారు! బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్లతో చేతులు కడిగి తీరవలసిందేనని ఆయన నియమం పెట్టాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది బాలింతలు పోయినచోట, జూన్ నాటికి ఆ లెక్క నూటికి రెండుకు దిగింది.

అయినా చాలామంది డాక్టర్లు ఒప్పుకోలేదు. “మా చేతులు రోగం తెస్తాయా?” అని నొచ్చుకున్నారు. తన మాట లోకం నమ్మకముందే, 1865లో ఆయన కన్నుమూశాడు.

రోగిని పరామర్శించడం మనకు పుణ్యకార్యం. దాన్ని మానవద్దు. కాని ఇంటిల్లిపాదీ వెళ్లి రోగి మంచం మీదే కూర్చోవడం, సెలైన్ పెట్టిన చెయ్యి నిమరడం, అదే చేత్తో ఇంటికొచ్చి పిల్లలకు ముద్దలు పెట్టడం మానాలి. ఇద్దరు వెళ్లి వస్తే చాలు. రోగిని ముట్టుకునే ముందూ, ముట్టుకున్న తర్వాతా చేతులు కడగాలి. దగ్గు, జలుబు ఉన్నవాళ్లు అసలు వెళ్లకుండా, కబురు పంపితే అదే పరామర్శ.

“మేము రోజూ అయిదుసార్లు వజూ చేస్తాం కదా” అని మీరనవచ్చు. మంచిదే. కాని మరుగుదొడ్డి నుంచి వచ్చాకా, వంటకూ భోజనానికీ ముందూ సబ్బు కావాలి. సబ్బు చేతి జిడ్డును విడదీస్తుంది, దానికి అంటుకున్న క్రిములు నీళ్లతో కొట్టుకుపోతాయి. గోళ్ల సందులు, బొటనవేళ్లు, చేతుల వెనకవైపు కూడా రుద్దుతూ ఇరవై దాకా నిదానంగా లెక్కపెట్టండి. విరేచనాల రోగి ఉన్న ఇంట్లో శానిటైజరును నమ్ముకోవద్దు, సబ్బే వాడండి. చేతులు కడిగినంత మాత్రాన అన్ని రోగాలూ ఆగవు. క్షయ గాలిలో వ్యాపిస్తుంది. దానికి కిటికీలు తెరవాలి, దగ్గేటప్పుడు నోటికి అడ్డం పెట్టుకోవాలి, మందులు మధ్యలో మానకూడదు.

మా బడిలో పిల్లలు కుండలో చెయ్యి ముంచి నీళ్లు తాగేవారు. విరేచనాలతో హాజరు తగ్గితే మేము సమోసాలవాణ్ని తిట్టేవాళ్లం. చివరికి కుండ తీసేసి, మూతా కుళాయీ ఉన్న డ్రమ్ము పెట్టించాము. ఖర్చు కొంచెమే. బుద్ధి రావడానికే ఆలస్యమయింది.

సంఘానికి మా మనవి రెండు. మన దావతుల్లో చిలమ్‌చీ, లోటాతో చేతులు కడిగించేటప్పుడు సబ్బు కూడా అందించండి. పదిమంది చేతులూ ఒకే తువ్వాలుతో తుడిచే పద్ధతి మాన్పించండి.

2020లో కరోనా భయంతో మనం గుమ్మాల దగ్గర సబ్బులు పెట్టుకున్నాం. అవి ఇప్పుడు ఎక్కడున్నాయి? ఇంటికి వెళ్లాక ఒకసారి వెతకండి. మీ ఇంటి పిల్ల ఎవరైనా “చేతులు కడుక్కో తాతా” అంటే మాత్రం, మాలాగా కోపం తెచ్చుకోకండి.

ఇంతటితో సెలవు. ఖుదా హాఫిజ్.