నాటక రచయితకు ఆసరా

నాటకం ఒక్క కూర్పులో పూర్తయ్యేది కాదు. రాయాలి, నటుల చేత చదివించాలి, పలకని మాటను కొట్టేసి మళ్లీ రాయాలి. ఆ నెలల్లో ఇల్లు గడిచేదెలా?

కన్నడ నాటక రచయిత గిరీశ్ కర్నాడ్ సంగతే చూడండి. 1964 నాటి ‘తుగ్లక్’తో అప్పటికే పేరొచ్చింది. అయినా 1970 నుంచి రెండేళ్లు హోమీ భాభా ఫెలోషిప్ ఆయనకు తోడుగా నిలిచింది. యక్షగాన రీతులను వాడుకున్న ‘హయవదన’ నాటకం ఆ వ్యవధిలోనే, 1971లో వచ్చింది. పేరున్న రచయితకూ తీరిక కావాలి మరి!

ఇలాంటి ఆసరా ఇచ్చే కేంద్ర సాంస్కృతిక శాఖ పథకాలు వయసును బట్టి ఉంటాయి. 18 నుంచి 25 ఏళ్ల వారికి రంగస్థల శిక్షణ కోసం స్కాలర్‌షిప్ ఉంది. 25 నుంచి 40 ఏళ్ల వారికి జూనియర్ ఫెలోషిప్ కింద నెలకు 10,000, ఆ పైబడిన వారికి సీనియర్ ఫెలోషిప్ కింద 20,000 రూపాయలు, రెండేళ్లపాటు ఇచ్చేలా పథకాన్ని రూపొందించారు. నగరంలో బతకడానికి ఇది చాలదు, పెంచాలి.

ఫెలోషిప్‌కు దరఖాస్తు చేసేటప్పుడు అన్నిటికన్నా ముఖ్యం ప్రతిపాదన. “మంచి నాటకం రాస్తాను” అంటే సరిపోదు. ఏ కథ, ఎవరి జీవితం, ఏ ఊళ్లో ఎవరిని కలుస్తారు, ఎప్పటికి పూర్తిచేస్తారు, అన్నీ స్పష్టంగా చెప్పాలి. సురభి నాటక కుటుంబాల మీదో, మీ ఊరి వీధి భాగవతం మీదో రాయాలనుకుంటున్నారా? ఫెలోషిప్ ప్రకటన కోసం ఎదురుచూడకండి, ఆ ప్రతిపాదన రాయడం ఇవాళే మొదలుపెట్టండి.