పన్నెండేళ్ళ పిల్లల ప్రేమని ఎవరు సీరియస్‌గా తీసుకుంటారు? | మూన్‌రైజ్ కింగ్‌డమ్

ఈరోజు ఎపిసోడ్‌లో నాకు బాగా ఇష్టమైన ఒక సినిమా గురించి మాట్లాడుకుందాం. పేరు మూన్‌రైజ్ కింగ్‌డమ్. డైరెక్టర్ వెస్ ఆండర్సన్. 2012లో కాన్ ఫిల్మ్ ఫెస్టివల్ ఈ సినిమాతోనే మొదలైంది. కథ చివరిదాకా చెప్పేస్తాను, కాబట్టి ముందు సినిమా చూడాలి అనుకునేవాళ్ళు ఇక్కడే పాజ్ చేసి, చూశాక రండి.

ముందు ఒక నిజం ఒప్పుకుంటా. మొదటిసారి ఈ సినిమాని ఇరవై నిమిషాలకే ఆపేశాను. 2023లో వెస్ ఆండర్సన్ స్టైల్ అని రీల్స్ తెగ వచ్చాయి, గుర్తుందా? ఫ్రేమ్‌కి సరిగ్గా మధ్యలో మనిషి, పసుపు రంగు అక్షరాలు, ముఖంలో ఏ ఫీలింగూ లేకుండా కెమెరాలోకి చూడటం. ఇదీ అలాగే కనిపించింది. బొమ్మలకొలువులో ఏ మెట్టు మీద బొమ్మ ఆ మెట్టు మీదే ఉన్నట్టు, అన్నీ పద్ధతిగా సర్దేసి ఉన్నాయి. అందంగా ఉంది సరే, ఇందులో మనుషులు ఎక్కడున్నారు అనుకున్నా.

రెండోసారి చూసినప్పుడు అర్థమైంది. ఆ సర్దుడు ఊరికే అందం కోసం కాదు. కథ అక్కడే ఉంది.

కథ 1965లో, న్యూ పెంజాన్స్ అనే ఒక ఊహా ద్వీపంలో జరుగుతుంది. అమెరికా ఈశాన్య తీరం పక్కన అనుకోండి. శామ్, సూజీ. ఇద్దరికీ 12 ఏళ్ళు. శామ్‌కి అమ్మానాన్న లేరు, ఎవరింట్లోనో పెరుగుతూ స్కౌట్ క్యాంప్‌కి వచ్చాడు. అక్కడ వాడంటే ఎవరికీ పడదు. సూజీకి అన్నీ ఉన్నాయి. పెద్ద ఇల్లు, అమ్మానాన్న, ముగ్గురు తమ్ముళ్ళు. కానీ ఎప్పుడూ బైనాక్యులర్స్ పెట్టుకుని కిటికీలోంచి దూరంగా చూస్తూ ఉంటుంది. వీళ్ళిద్దరూ ఏడాది పాటు ఉత్తరాలు రాసుకుని, ప్లాన్ వేసుకుని, పారిపోతారు. ఊరంతా వెతుకుతుంది. అటువైపు పెద్ద తుఫాను వస్తోంది.

మొదటి సీన్ చూడండి. సూజీ వాళ్ళ ఇల్లు. కెమెరా ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గోడలు లేనట్టు జరుగుతూ పోతుంది. అమ్మ ఒక గదిలో, నాన్న ఇంకో గదిలో, సూజీ కిటికీ దగ్గర. అందరూ ఒకే ఇంట్లో, ఎవరి డబ్బాలో వాళ్ళు. భోజనానికి పిలవాలన్నా వాళ్ళమ్మ మైకులో అరుస్తుంది! అదే టైంలో తమ్ముడు ఒక రికార్డ్ పెడతాడు. బెంజమిన్ బ్రిటన్ అనే ఇంగ్లీష్ కంపోజర్ పిల్లల కోసం చేసిన మ్యూజిక్ అది. ఆర్కెస్ట్రాని విడదీసి, ఒక్కో వాయిద్యం ఎలా ఉంటుందో వినిపించి, చివర్లో అన్నిటినీ కలుపుతాడు. సినిమా చేసేదీ అదే పని. విడివిడిగా ఉన్న మనుషుల్ని ఒక్కొక్కరినీ చూపించి, చివరికి ఒక తుఫాను రాత్రి అందరినీ ఒకే చర్చిలోకి తెస్తుంది.

ఇప్పుడు నాకు బాగా తగిలిన సీన్. పారిపోయాక సూజీ తన సామాను చూపిస్తుంది. లైబ్రరీ నుంచి కొట్టేసిన కథల పుస్తకాలు, తమ్ముడి రికార్డ్ ప్లేయర్, ఒక పిల్లిపిల్ల. తర్వాత, ఇంట్లో ఫ్రిజ్ మీద దొరికిన ఒక చిన్న పుస్తకం గురించి చెబుతుంది. బాగా ఇబ్బందిపెట్టే పిల్లలతో ఎలా వేగాలి అని దాని పేరు. అంటే వాళ్ళింట్లో ఆ పిల్ల ఎవరో చెప్పక్కర్లేదు కదా. శామ్‌కి నవ్వొచ్చేస్తుంది. సూజీ ముఖం మారిపోతుంది. వాడు వెంటనే ఆగిపోయి సారీ చెబుతాడు, నేను నీ వైపే ఉన్నాను అంటాడు. అంతే. బ్యాక్‌గ్రౌండ్‌లో పెద్ద మ్యూజిక్ లేదు, కన్నీళ్ళ క్లోజప్పులు లేవు. పన్నెండేళ్ళ పిల్లాడు తన తప్పు తెలుసుకున్నాడు, సరిదిద్దుకున్నాడు.

ఇక్కడ నా ఏడో క్లాసు గుర్తొచ్చింది. నోట్‌బుక్ చివరి పేజీ చింపి ఒకమ్మాయికి ఉత్తరం రాశాను. అందులో ప్రేమ అన్న మాటే లేదు. ఇంటర్వెల్‌లో నువ్వు ఒక్కదానివే ఎందుకు కూర్చుంటావు అని అడిగాను. అది సార్ చేతికి చిక్కింది. క్లాసులో పైకి చదివారు. అందరూ నవ్వారు. ఇంట్లో తెలిశాక వాళ్ళూ నవ్వారు. తిట్టినా, కొట్టినా ఈపాటికి మర్చిపోయేవాణ్ణి. ఆ అమ్మాయి మాత్రం మళ్ళీ నావైపు చూడలేదు. ఆ ప్రశ్నకి జవాబు నాకు ఇప్పటికీ తెలీదు.

ఈ సినిమా ఆ నవ్వు నవ్వదు. పిల్లలు ఎంత వింతగా మాట్లాడినా వాళ్ళని జోక్ చెయ్యదు. మన దగ్గర 2018లో వచ్చిన కేరాఫ్ కంచరపాలెంలో సుందరం, సునీతల కథ గుర్తు తెచ్చుకోండి. అక్కడా స్కూలు పిల్లల ఇష్టాన్ని కామెడీ ట్రాక్‌గా వాడుకోలేదు. అందుకే అది గుచ్చుకుంటుంది.

ఇంకో సంగతి, ఇందులో పెద్దవాళ్ళే అయోమయంలో ఉన్నారు. సూజీ అమ్మానాన్న ఇద్దరూ లాయర్లు. పక్కపక్క మంచాల మీద పడుకుని కేసుల గురించి మాట్లాడుకుంటారు. వాళ్ళమ్మ చాటుగా ఊరి పోలీస్ కెప్టెన్ షార్ప్‌ని కలుస్తుంటుంది. అది సూజీ బైనాక్యులర్స్‌కి దొరికిపోయింది కూడా! ఆ షార్ప్‌గా బ్రూస్ విల్లిస్ చేశాడు. తుపాకులు పేల్చే హీరోగా మనకి తెలిసిన మనిషి, ఇక్కడ ఒక చిన్న ట్రైలర్‌లో ఒంటరిగా బతుకుతుంటాడు. శామ్‌ని పెంచినవాళ్ళు మాకొద్దు అని రాసేశాక, అనాథాశ్రమానికి పంపేస్తారని తెలిశాక, ఆ తుఫానులో వాణ్ణి నేను చూసుకుంటాను అని ముందుకొచ్చేది ఆయనే. రూల్స్ ప్రకారం బతికిన మనిషి, ఒక పిల్లాడి మాట విని మారతాడు. క్యాంప్‌లో శామ్‌ని ఏడిపించిన పిల్లలు కూడా, వాడికి మనం అన్యాయం చేశాం అని వాళ్ళంతట వాళ్ళే అనుకుని సాయం చేస్తారు.

లోపాలు లేవా? ఉన్నాయి. చివరి తుఫాను హడావుడి కొంచెం ఎక్కువైంది. కొన్నిచోట్ల ఆ సర్దుడు మరీ ముద్దొచ్చేలా చేశారు అనిపిస్తుంది. కానీ శామ్‌గా జేరెడ్ గిల్మన్, సూజీగా కారా హేవార్డ్, ఇద్దరికీ ఇదే మొదటి సినిమా. నటన రానట్టు చేసిన ఆ బిగుసుకుపోయిన తీరే నిజంగా ఆ వయసు. ఆ వయసులో మనం మాత్రం చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసి నిలబడ్డామా? సూపర్ 16 ఎంఎం ఫిల్మ్ మీద తీశారు కాబట్టి బొమ్మ కూడా పాత ఆల్బమ్ ఫోటోలా కాస్త గరుకుగా ఉంటుంది.

చివరి సీన్. శామ్ ఇప్పుడు సూజీ వాళ్ళింట్లో కూర్చుని బొమ్మ వేస్తుంటాడు. భోజనానికి పిలుపు రాగానే కిటికీలోంచి దిగి వెళ్ళిపోతాడు, కింద షార్ప్ కారులో ఉంటాడు. కెమెరా ఆ బొమ్మ మీద ఆగుతుంది. వాళ్ళిద్దరూ టెంటు వేసుకున్న సముద్రపు ఒడ్డు అది. తుఫానుకి కొట్టుకుపోయిన చోటు. మూన్‌రైజ్ కింగ్‌డమ్ అని అక్కడ రాళ్ళతో రాసుకున్నారని మనకి అప్పుడే తెలుస్తుంది. చోటు పోయింది, పేరు వాళ్ళిద్దరి దగ్గర ఉంది.

మీ ఇంట్లో తమ్ముడో చెల్లో, ఆ వయసు పిల్లలు ఎవరైనా ఉంటే ఒక్క మాట. వాళ్ళ ఉత్తరమో, మెసేజో మీ కంటపడితే నవ్వకండి. మందలించాల్సి వస్తే మందలించండి, జాగ్రత్త చెప్పండి, కూర్చోబెట్టి మాట్లాడండి. నవ్వు మాత్రం వద్దు.

సినిమా చూశాక మీకు ఏ సీన్ నచ్చిందో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.