అవ్వల రాత్రిబడి

ఉపకులపతి గారికి, ఆచార్యులకు, పట్టాలు అందుకుంటున్న విద్యార్థులకు నమస్కారం. వెనక వరుసల్లో సర్దుకుని కూర్చున్న అమ్మలకు, అవ్వలకు వేరేగా ఇంకో నమస్కారం. ముందు వరుసలు మీకు ఇవ్వాల్సింది.

ఇలాంటి సభల్లో అమ్మ మాట వస్తే, కడుపు మాడ్చుకుని పెంచిందని, నగలమ్మి చదివించిందని చెప్పి కళ్లు తుడుచుకోవడం రివాజు. అదంతా నిజమే. కానీ ఆ పొగడ్తలో వాళ్ల ఓర్పే తప్ప తెలివి కనిపించదు. ఈ నెల్లూరు గడ్డ మీద మైకు ముందు నిలబడి వాళ్ల తెలివి గురించి చెప్పకపోతే అన్యాయం.

1990ల మొదట్లో ఈ జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పగలంతా నాట్లకు, కలుపులకు పోయొచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట పలకలు పట్టారు. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం, తాగుడు కూల్చిన కాపురం కథ. కూడబలుక్కుని చదువుతుంటే అది ఎవరింటి గొడవో వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. అప్పట్లో సర్కారు వారి వారుణి వాహిని పథకం పుణ్యమా అని సారా ప్యాకెట్లు ఊరూరికీ చేరేవి. మగవాళ్ల కూలి డబ్బులు గడప తొక్కకముందే కొట్టు దగ్గర కరిగిపోయేవి. దూబగుంట ఆడవాళ్లు ఏకమై తమ ఊరి సారా కొట్టు మూయించారు. ఆ సంగతి ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠమై మిగతా ఊళ్ల రాత్రిబడులకు వెళ్లింది. 1992కల్లా జిల్లా అంతా కదిలింది. చీపుర్లు, కారప్పొడి పట్టుకుని సారా వేలంపాటలు అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండోదాన్ని 1997లో సడలించారు, ఖజానా గోల ఖజానాది.

చదివిందాన్ని బతుకుతో సరిచూసుకుని, పదిమందితో మాట్లాడి పనిలోకి దిగారు వాళ్లు. ఇన్నేళ్లు మీ చేత ఫీజులు కట్టించుకుని మేం అంతమాత్రం నేర్పామా? పాఠాలు చెప్పేవాణ్ణి కాబట్టి ధైర్యంగా అడుగుతున్నాను.

ఆ ఆడవాళ్లు అంతటితో ఆగలేదు. చేతిలో మిగలడం మొదలైన డబ్బుతో పొదుపులక్ష్మి సంఘాలు పెట్టుకున్నారు. రోజుకు రూపాయి. అప్పటికి మీ అమ్మలు బడికెళ్లే పిల్లలు. కొట్టుకు పోకుండా ఇల్లు చేరిన కూలిలోంచే కొందరికి నోటు పుస్తకాలు వచ్చి ఉంటాయి. పై చదువులకు పట్నం పోతానని మీరు అడిగినప్పుడు, వద్దన్న ఇంటి పెద్దలకు ఎదురు చెప్పింది ఎవరో మీకే తెలుసు.

ఆ సారా పోరాటంలో ముందు నడిచిన దూబగుంట రోశమ్మ పేరు నలుగురికీ తెలుసు. ఆమె వెంట నడిచిన వేలమంది పేర్లు ఎక్కడా లేవు. వాళ్లలో మీ అవ్వో, పక్కింటి జేజో ఉండొచ్చు. ఇంటికెళ్లాక కాళ్లకు దండం పెట్టండి, ఫొటో కూడా దిగండి, కాదనను. కానీ పక్కన కూర్చుని అడగండి: ‘అవ్వా, సారా గొడవలప్పుడు నువ్వెక్కడున్నావు? ఎవరెవరు వచ్చారు? మా తాత ఏమన్నాడు?’ ఫోనులో రికార్డు చేయండి. పేర్లు, ఊళ్లు సరిగ్గా రాసుకోండి. ఆవిడ ‘ఏముందిలేరా’ అని తప్పించుకోబోతుంది. వదలొద్దు.