ఊరి వ్రాత – దూరదేశపు చందాదారు
(రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



పుస్తకమును పాఠకునికడకు చేర్చుట గ్రంథాలయ ధర్మము. ఈ ధర్మమును ఆంధ్రదేశము మొదటినుండియు ఎరుగును. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా డెల్టా కాలువలలో పుస్తకముల పడవను నడిపించి, గ్రంథాలయమునకు రాలేని పల్లెవారి కడకు గ్రంథాలయమునే పంపిరి.

నేడు కోట గ్రామపు పాఠకులలో పలువురు కాలువగట్లను దాటి, కడలిని దాటి పోయియున్నారు. ఈ మండలమందలి విద్యానగరమున 1979లో నెలకొన్న ఇంజనీరింగు కళాశాలవంటి విద్యాలయములలో చదివి అమెరికా, ఆస్ట్రేలియాలలో కొలువు చేయువారు కలరు. బ్రతుకుతెరువునకై కువైటు, దుబాయి చేరినవారును కలరు. వారికి ఊరివారి రచనలు, గ్రంథాలయ విశేషములు ఎట్లు చేరవలెను? వారికడకు పోగల పడవ యేది?

అచ్చుపత్రికను తపాలాలో పంపుటకు వ్యయమెక్కువ, జాప్యమెక్కువ. ఈ చిక్కును తెలుగువారు అంతర్జాలముచే కొంతవరకు తీర్చుకొనిరి. అమెరికాయందలి తెలుగువారు కొందరు 1998లో ‘ఈమాట’ అను పత్రికను అంతర్జాలముననే ప్రారంభించిరి. 2006 ప్రాంతమున వీవెన్‌గారు రూపొందించిన ‘లేఖిని’ వలన తెలుగు టైపు నేర్వనివారికి గూడ ఆంగ్లాక్షరముల మీటలతో తెలుగు వ్రాయుట సులభమయ్యెను. ‘కూడలి’ అను మరియొక ఏర్పాటు తెలుగు బ్లాగులలోని కొత్త వ్రాతలను ఒకేచోట చూపెను. అయినను పాఠకుడు తానై వెదకికొని పోవలసిన పని తప్పలేదు. పగలెల్ల పనిచేసి అలసినవాడు ప్రతిదినము ఆ పని చేయజాలడు. వ్రాతయే అతని ఈమెయిలు పెట్టెకు పోవలెను.

ఈ పనిని యంత్రము చేయు విధము వింతగా తోచినను, గ్రంథాలయమెరిగినవారికి కొత్తది కాదు. గ్రంథపాలకుడు ప్రతి సోమవారము ఆక్సెషన్ రిజిస్టరును తెరచి, క్రిందటి వారము తాను గీచిన గీతకు దిగువనున్న పుస్తకముల పేర్లను మాత్రమే నల్లబల్లపై వ్రాయుననుకొనుడు. యంత్రము చేయునదియు ఇంతే. బ్లాగులో కొత్త రచన వెలువడగానే, దాని శీర్షికయు తేదీయు చిరునామాయు ‘ఫీడు’ అను ఒక పట్టికలో చేరును. ఈ పద్ధతికి ఆర్.ఎస్.ఎస్. అని పేరు, 1999లో నెట్‌స్కేప్ సంస్థ దీనిని వెలువరించెను. లేఖలు పంపు యంత్రము నియమితవేళకు ఆ పట్టికను చూచి, క్రితముసారి తరువాత చేరినవానిని మాత్రమే ఏరి, ముందుగా సిద్ధపరచిన లేఖలో పొందుపరచి, చందాదారులకు వేరువేరుగా పంపును. కొత్తది లేనిచో ఊరకుండును.

వాట్సాపు ఉండగా ఇది యేలయని కొందరడుగుదురు. వాట్సాపు గుంపులో వచ్చిన వ్యాసము గంటలోపల నూరు శుభాకాంక్షల క్రింద మునిగిపోవును. ఈమెయిలు పెట్టెలో నిలిచియుండి, ఏడాది తరువాత వెదకినను దొరకును.

తెలుగు లేఖకు ప్రత్యేకముగా వలసిన జాగ్రత్తలు రెండు కలవు. మొదటిది బరువు. యూనికోడు పద్ధతిలో ఆంగ్లాక్షరమునకు ఒక బైటు చాలును. తెలుగున ప్రతి వర్ణచిహ్నమునకు మూడు బైట్లు వలయును. ‘కోట’ అను చిన్నమాటయందు ‘క’కారము, ఓత్వము, ‘ట’కారము కలవు గనుక తొమ్మిది బైట్లగును. లేఖ 102 కిలోబైట్లు దాటినచో జీమెయిలు దాని చివరిభాగమును కత్తిరించి దాచును. ఇట్టి ఉపన్యాసములు నాలుగైదు పూర్తిగా నింపినచో ఆ హద్దు దగ్గరపడును. కాబట్టి ఒక్కొక్క రచనకు నాలుగు పంక్తుల సారాంశమును, మిగిలినది చదువుటకు లంకెను ఇచ్చుట మేలు. పరదేశమున పుట్టిన పిల్లలలో తెలుగు విని అర్థము చేసికొనగలిగియు చదువలేనివారు పెక్కురు. రచనను ఎవరైనను చదివి వినిపించిన ధ్వనిముద్రణకు గూడ ఒక లంకె ఉన్నచో లేఖ వారికిని ఉపయోగపడును.

రెండవది వేళ. కోటలో ఉదయము 6 గంటలకు పంపిన లేఖ కువైటులో తెల్లవారుజామున 3.30కు చేరును. శనివారము సాయంకాలము 7.30కు పంపినచో కువైటులో సాయంకాలము 5, దుబాయిలో 6, చలికాలపు లండనులో మధ్యాహ్నము 2, న్యూయార్కులో ఉదయము 9 గంటలగును. ఆస్ట్రేలియావారు ఆదివారము మేలుకొని చూచుకొందురు. యంత్రమునకు ఒక్కమారు చెప్పిన చాలును, ప్రతివారము ఆ వేళను తప్పదు.

అయితే యంత్రము తప్పు నెరుగదు. బ్లాగులో ఒక పెద్దమనిషి పేరు తప్పుగా పడినచో మరునాడు దిద్దుకొనవచ్చును. ఈమెయిలులో పోయిన తప్పును మరల పిలువజాలము. సంతాపవార్త ప్రక్కనే పరిహాసకథను చేర్చినను యంత్రమునకు జంకు లేదు. అందువలన రచన బుధవారమున వెలువడి, లేఖ శనివారమున పోవునట్లు ఎడముంచి, ఆ నడుమ ఒకరు చదివి సమ్మతించిన తరువాతనే పంపవలెను.

చందాదారుని సమ్మతియు అంతకంటె ముఖ్యము. పెండ్లి శుభలేఖలకై సేకరించిన చిరునామాలను ఈ జాబితాలో చేర్చుట మర్యాద కాదు. చిరునామా యిచ్చినవానికి మొదట ఒక ధ్రువీకరణ లేఖను పంపి, అతడు అంగీకారము తెలిపినపిమ్మటనే చేర్చవలెను. వ్యక్తుల వివరముల వాడుకను ఐరోపా సమాఖ్య 2018 మే 25 నుండి చట్టముచే నియంత్రించుచున్నది. భారతదేశమును 2023లో ఇందుకై చట్టము చేసినది. చందా మానుకొను మార్గము ప్రతి లేఖ అడుగునను ఉండవలెను. దినమునకు 5000కు మించి లేఖలు పంపువారు ఒక్క నొక్కుతో చందా మానుకొను వీలు కల్పింపవలెనని జీమెయిలు సంస్థ 2024లో నియమించినది. చిన్న గ్రంథాలయమునకు ఆ సంఖ్య దూరమైనను, ఆ మర్యాద దూరము కారాదు.

ఇక అన్నిటికంటె గుర్తుంచుకొనదగిన విషయ మొకటి కలదు. 2004లో చికాగోలో పుట్టిన ‘ఫీడ్‌బర్నర్’ అను సంస్థ బ్లాగుల వ్రాతలను ఉచితముగా ఈమెయిలున పంపుచుండెను. 2007లో గూగుల్ దానిని కొనెను. బ్లాగరు వేదికపై వ్రాయువారికి ఈమెయిలు చందా పేటిక దానిమీదనే ఆధారపడియుండెను. 2021లో గూగుల్ ఆ ఈమెయిలు సేవను నిలిపివైచెను. తమ చందాదారుల జాబితాను ముందుగా దించుకొని భద్రపరచినవారు మరియొక సేవకు మారి, తమ పాఠకులను నిలుపుకొనగలిగిరి. ఏమరినవారికి తమ పాఠకుడెవరో, ఎక్కడనున్నాడో తెలియకపోయెను. వ్రాతలు మిగిలినవి గాని వానిని చేర్చు దారి తెగినది.

ఇందలి పాఠము గ్రంథాలయమునకు స్పష్టము. పడవను అద్దెకు తెచ్చికొనవచ్చును. పాఠకుల పట్టికను మాత్రము తన బీరువాలో ఉంచుకొనవలెను. లేఖలు పంపు యంత్రము ఏ సంస్థదైనను కావచ్చును. నెలకొకమారు చందాదారుల జాబితాను దించి, గ్రంథాలయపు కంప్యూటరున ఒకటి, వేరొకచోట మరియొకటి భద్రపరచవలెను. ఆ జాబితాను ఇతరుల కీయరాదు.

ఈ రజతోత్సవ సంవత్సరమున కోట గ్రంథాలయము అట్టి లేఖను ప్రారంభింపదలచినచో కావలసినది పెద్ద ధనము కాదు. రచనలను ఏర్చి, తప్పులు దిద్ది, సమ్మతి తెలుపుటకు ఒకరు. జాబితాను కాపాడుటకు మరియొకరు. వీరిరువురు శ్రద్ధగలవారైన చాలును. మొదట పదిమంది చందాదారులే ఉండవచ్చును. కువైటులో ఒక గదిలో పని ముగించుకొని వచ్చిన ఒక కోటవాసి, తన ఊరి బాలుడు వ్రాసిన కథను ఆ సాయంకాలము చదివినచో ఆ లేఖ సార్థకమగును. పాఠకుని వెదకికొని పోవు ఆ పాత ధర్మము ఈ గ్రంథాలయమున నిరంతరము సాగుగాక!