కప్పు పోయింది, కాయిదాలు ఉన్నయ్



ఫుట్‌బాల్ వరల్డ్ కప్పు మామూలుగా జూన్, జూలైలో జరిగేది. ఖతర్ ఎండకు ఆటగాళ్లు తట్టుకోలేరని 2022లో దాన్ని నవంబరు, డిసెంబరుకు జరిపారు. తొంభై నిమిషాల ఆటకు అంత ఆలోచన! ఆ స్టేడియాలకు, రోడ్లకు, మెట్రోకు మనం ఎండాకాలమంతా పనిచేసినం. మెస్సీ కప్పు ఎత్తితే మళ్లీ మనమే ఎగిరినం, అది వేరే సంగతి.

అయినా ఒకటి ఒప్పుకోవాలె. ఆట మీద ప్రపంచం కండ్లు పడ్డయి కాబట్టే మన క్యాంపుల మీదా పడ్డయి. 2020లో కంపెనీ మారడానికి ఎన్‌ఓసీ తీసేశారు. 2021 మార్చి నుంచి కనీస జీతం 1000 రియాళ్లు. కంపెనీ ఇవ్వకుంటే తిండికి 300, రూముకు 500 వేరే. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పొద్దున 10 నుంచి 3:30 వరకు ఎండలో పని బంద్. ఇంతకుముందు 11:30 దాకా చేయించేటోళ్లు. ఫోర్‌మన్లుగా ఉన్న మనమే "ఇంకో అరగంట, స్లాబు అయిపోతది" అంటే ఆ రూలు ఎందుకు? తెల్లవారుజామునే పోత మొదలుపెట్టిద్దాం.

ఇప్పుడు కెమెరాలు వెళ్లిపోయినయ్. 2034 కప్పు సౌదీకి ఇచ్చారు. జగిత్యాల, నిజామాబాద్ నుంచి అక్కడికి బయలుదేరే తమ్ముళ్లకు ఫోన్ చేసి చెప్పండి: విమానం ఎక్కకముందే అగ్రిమెంటు కాపీ ఒకటి ఇంట్ల పెట్టి రమ్మని.