పొర మీద పొర: ల్యాబ్‌లో పనిచేసే మనుషుల గురించి

(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వాళ్లు ఫోన్ చేసి "రోబోల గురించి చెప్పండి" అన్నారు. రోబోల వీడియోలు మీరు మాకంటే ఎక్కువే చూసి ఉంటారు. అందుకని మేము రోబోల పక్కన నిలబడి పనిచేసే మనుషుల గురించి మాట్లాడదామని వచ్చాం. హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీలోని రోబోటిక్స్, అడిటివ్ మాన్యుఫాక్చరింగ్ ల్యాబ్‌లో మేము ఐదుగురం పనిచేస్తున్నాం. ఒకరు పీహెచ్‌డీ స్కాలర్, ఇద్దరు ప్రాజెక్టు ఇంజినీర్లు, ఒకరు ఐటీఐలో ఫిట్టర్ చదివిన టెక్నీషియన్, ఒకరు ల్యాబ్ అటెండర్. మాలో ముగ్గురిది ఈ ఏజెన్సీయే. ఇంట్లో గోండి, బడిలో తెలుగు, ల్యాబ్‌లో ఇంగ్లిష్.

అడిటివ్ మాన్యుఫాక్చరింగ్ అంటే పేరు పెద్దగా ఉంది గానీ విషయం మీకు తెలిసిందే. దుంగను చెక్కి నాగలి చేస్తే మిగతాదంతా పొట్టుగా పోతుంది. లేత్ మిషన్ మీద ఇనుప కడ్డీని తొలిచినా అంతే, రజను కింద పడుతుంది. అలా తీసేయడం కాకుండా, కావలసిన చోట మాత్రమే కొంచెం కొంచెంగా చేర్చుకుంటూ వస్తువును పెంచితే అది అడిటివ్. 3డి ప్రింటింగ్ అని మీరు వినేది ఇదే.

ఉషెగాంలో ఓజాల ఇంటి ముందు ఎప్పుడైనా కూర్చున్నారా? ముందు మట్టితో లోపలి ముద్ద చేస్తారు. తేనె మైనాన్ని సన్నటి తీగలుగా తీసి, ఆ ముద్ద చుట్టూ ఒకదాని పక్కన ఒకటి చుట్టుకుంటూ పోతారు. దానిపైన మళ్లీ మెత్తటి మట్టి పూస్తారు. ఆరాక కాలిస్తే మైనం కరిగి బయటికి పోతుంది. అది వదిలిన ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. మట్టి పగలగొడితే గంట. ఈ ఆదిలాబాద్ డోక్రాకు 2018లో జీఐ గుర్తింపు వచ్చింది.

ఇప్పుడు మా ల్యాబ్‌లోని చిన్న ప్రింటర్ చూడండి. 1.75 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ తీగ పైనుంచి దిగుతుంది. సుమారు 200 డిగ్రీల దగ్గర మెత్తబడి, 0.4 మిల్లీమీటర్ల రంధ్రంలోంచి బయటికి వస్తుంది. ఒక పొర పరిచాక తల 0.2 మిల్లీమీటర్లు పైకి లేచి ఇంకో పొర పరుస్తుంది. 12 సెంటీమీటర్ల గంట కావాలంటే 600 పొరలు. మైనపు తీగ చుట్టడం చిన్నప్పుడు చూసినవాళ్లకు దీన్ని అర్థం చేసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. ఇంకో మాట, ఫౌండ్రీల్లో ఇప్పుడు నమూనాను ప్రింటర్ మీద తీసి, పైన పూత వేసి, నమూనాను కాల్చేసి లోహం పోస్తున్నారు. ఓజాలు చేసే పనే అది. నమూనా చేసే చెయ్యి మాత్రం మారింది.

ఈ యంత్రం వెనుక కథ కూడా ఇంటి దగ్గరే మొదలైంది. అమెరికాలో స్కాట్ క్రంప్ అనే ఇంజినీరు 1988లో కూతురికి కప్ప బొమ్మ చేసిపెడదామని గ్లూ గన్‌తో పొరలు పేర్చాడు. దాన్నే యంత్రంగా మార్చి పేటెంట్ తీసుకున్నాడు. 2005లో ఇంగ్లండ్‌లోని బాత్ యూనివర్సిటీలో ఏడ్రియన్ బోయర్ అనే ఉపాధ్యాయుడు, తన భాగాల్లో చాలావాటిని తానే ముద్రించుకోగల ప్రింటర్ పని మొదలుపెట్టి, డ్రాయింగులన్నీ ఉచితంగా లోకానికి ఇచ్చేశాడు. 2009లో క్రంప్ ముఖ్యమైన పేటెంట్ గడువు తీరింది. ఒకప్పుడు లక్షల్లో ఉన్న యంత్రం ఇవాళ ఒక మంచి ఫోన్ ధరకు దొరుకుతోందంటే కారణం ఈ రెండే.

ఇక మనుషుల సంగతి. యంత్రానికి చెయ్యి ఉంది గానీ కన్ను లేదు. మైనం తీగ కొంచెం లావైతే ఓజా వేళ్లకు వెంటనే తెలుస్తుంది, సర్దుకుంటాయి. మా దగ్గర చవక ప్రింటర్‌కు అది తెలియదు. కింది పొర ఊడిపోయినా అది గాల్లోనే ముద్రిస్తూ పోతుంది. పొద్దున వచ్చి చూస్తే బల్లనిండా సేమ్యా ముద్ద. పోయిన వానాకాలం 14 గంటల ప్రింట్ ఒకటి నడుస్తోంది. నేల తుడుస్తున్న మా అటెండర్ అక్క "ఇది పోపులాగా చిటపటలాడుతోంది, నిన్న ఇట్లా లేదు" అంది. ప్లాస్టిక్ తీగ గాల్లోని తేమ పీల్చుకుంటే వేడి తగిలినప్పుడు ఆ నీరు ఆవిరై అట్లా చిటపటమంటుంది. అప్పటికి రెండు గంటలే నడిచింది కాబట్టి ఆపి, తీగను ఆరబెట్టి మళ్లీ మొదలుపెట్టాం. ఆ భాగం మరుసటి రోజు ఆస్పత్రి డాక్టర్లకు చూపించాల్సిన ఎముక నమూనా. అక్క చదివింది 7వ తరగతి. తీగల చుట్టలన్నీ సిలికా జెల్ వేసి డబ్బాల్లో పెట్టి, తారీఖు రాసే బాధ్యత ఇప్పుడు ఆమెదే. ఆమె రాత మాకందరికీ అర్థమవుతుంది, స్కాలర్ రాత మాత్రం ఎవరికీ అర్థం కాదు.

లోహం ముద్రించే గది వేరు. అక్కడ తీగ ఉండదు, వెంట్రుక కంటే సన్నటి లోహపు పొడి ఉంటుంది. లేజర్ దాన్ని పొరపొరగా కరిగించి అతికిస్తుంది. అల్యూమినియం, టైటానియం పొడి గాల్లోకి లేస్తే నిప్పురవ్వ చాలు, పేలుతుంది. అందుకని లోపల ఆర్గాన్ వాయువు నింపుతారు, ఆక్సిజన్ ఎంతుందో చూసుకుంటూ ఉంటారు. మాస్కు లేకుండా ఆ గదిలోకి ప్రొఫెసర్ గారు వచ్చినా మా టెక్నీషియన్ అన్న ఆపేస్తాడు, ఆపాడు కూడా. ల్యాబ్‌లో ఎవరి మాట చెల్లుతుందనేది డిగ్రీ ఒక్కటే నిర్ణయించదు.

రోబో చెయ్యి దగ్గరా అంతే. దానికి దారి నేర్పేటప్పుడు చేతిలో పెండెంట్ అనే పలక పట్టుకుంటాం. దాని వెనుక ఒక మీట ఉంటుంది. మెల్లగా నొక్కి ఉంచితేనే రోబో కదులుతుంది. వదిలేస్తే ఆగుతుంది. భయపడి గట్టిగా బిగించినా ఆగుతుంది. భయపడ్డ మనిషి వదిలేస్తాడో బిగిస్తాడో చెప్పలేం కదా, రెండూ ఆలోచించి పెట్టారు. నేర్పేటప్పుడు వేగం సెకనుకు 250 మిల్లీమీటర్లు దాటకూడదు. మాకు నచ్చిన యంత్ర భాగం ఏదంటే ఆ మీటే.

ఇదంతా ఎందుకు పనికొస్తుందని అడిగారు ఒక పెద్దాయన. 2024 మే 9న ఇస్రో వాళ్లు పీఎస్4 అనే రాకెట్ ఇంజిన్‌ను ఇలా ముద్రించి 665 సెకన్లు మండించి చూశారు. 14 భాగాలు ఒకే ముక్క అయ్యాయి, 19 వెల్డింగులు లేకుండా పోయాయి. పాత పద్ధతిలో 565 కిలోల లోహం కావలసిన చోట 13.7 కిలోల పొడి సరిపోయింది. అయితే రాకెట్ అంటే చప్పట్లు కొడతారు గానీ, ప్రమాదంలో దవడ ఎముక విరిగినవాళ్లకు ఆపరేషన్‌కు ముందు తీసే నమూనాయే మాకు ఎక్కువ తృప్తి.

మీరు ఇక్కడికి ఎలా రావాలి? కంప్యూటర్ సైన్స్ సీటు రాకపోతే జీవితం అయిపోయిందనే మాట ఈ మధ్య మన హాస్టళ్లలో బాగా వినిపిస్తోంది. అది నిజం కాదు. ఐటీఐలో ఫిట్టర్, టర్నర్, ఎలక్ట్రీషియన్ చదివినవాళ్లు లేకుండా ఏ ల్యాబూ నడవదు. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి పాలిటెక్నిక్ డిప్లొమా చేయవచ్చు, ఆ పైన ఈసెట్ రాసి ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో చేరవచ్చు. మా ఇంజినీర్లలో ఒకరు అలా వచ్చినవారే. హైదరాబాద్ బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న సీఐటీడీలో టూల్, డై తయారీ నేర్పుతారు. మన పక్కనే బాసర ట్రిపుల్ ఐటీ ఉంది. పీహెచ్‌డీ దాకా వెళ్తే ఎస్టీ విద్యార్థులకు కేంద్రం ఏటా 750 జాతీయ ఫెలోషిప్‌లు ఇస్తోంది. ఇంగ్లిష్ మాన్యువల్ చూసి భయపడకండి. అందులో మళ్లీ మళ్లీ వచ్చే మాటలు కొన్నే. ఆరు నెలలు యంత్రం పక్కన ఉంటే అవే నోటికి వస్తాయి.

ఒక విషయం మాత్రం పెద్దల ముందే చెప్పాలి. మా దగ్గర 3డి స్కానర్ ఉంది. ఒక వస్తువు చుట్టూ తిప్పితే దాని ఆకారమంతా కంప్యూటర్‌లోకి వస్తుంది. పాత డోక్రా వస్తువులు పాడైపోకముందే ఆకారాలు భద్రం చేయవచ్చు, పిల్లలకు చూపించవచ్చు. అదే ఫైలు ఇంకొకరి చేతికి పోతే ప్లాస్టిక్‌లో వేలకొద్దీ ముద్రించి అమ్ముకోవచ్చు. జీఐ గుర్తింపు కాపాడేది పేరును. వేరే పేరు పెట్టి ఆకారాన్ని అమ్మేవాణ్ణి దానితో ఆపడం కష్టం. అందుకని మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. చేసిన ఓజా ఒప్పుకోకుండా ఏదీ స్కాన్ చేయం. ఫైలు కాపీ ముందు ఆయనకే ఇస్తాం. పెర్సాపేన్‌కు సంబంధించినవి, ఎవరు అడిగినా స్కానర్ కిందికి తేం. ఒక కంపెనీ డబ్బిస్తామని అడిగింది, కాదన్నాం. కానీ ఇది మా ఐదుగురి పద్ధతి మాత్రమే. మేము ల్యాబ్ వదిలిపోతే కొత్తగా వచ్చేవాళ్లు పాటిస్తారన్న హామీ లేదు. రాయి సెంటర్‌లో పెద్దలు కూర్చుని ఏది స్కాన్ చేయవచ్చో, ఏది కూడదో, ఫైలు ఎవరి దగ్గర ఉండాలో రాసి ఇస్తే దాన్ని ల్యాబ్ నియమాల్లో పెట్టించే ప్రయత్నం మేము చేస్తాం. స్కానర్ పట్టుకునే చెయ్యి మన పిల్లలదైతే ఆ కాగితానికి విలువ ఇంకా ఎక్కువ.

చిన్న ప్రింటర్‌ను వెంట తెచ్చాం, అదిగో ఆ బల్ల మీద నడుస్తోంది. పక్కన రెండు గంటలున్నాయి, ఒకటి ఉషెగాం నుంచి అడిగి తెచ్చింది, ఒకటి ముద్రించిన నమూనాతో పోసింది. రెండూ మోగించి చూడండి. ప్రింటర్ నాజిల్ మాత్రం ముట్టుకోకండి, కాలుతుంది.